లెక్కలు మన మిషన్‌లోనా, క్లౌడ్‌లోనా? నల్లగొండ, పాలమూరు వ్యాపారులకు ఒక పోలిక

మిర్యాలగూడలో, సూర్యాపేటలో, జడ్చర్లలో ఏ షాపులో కంప్యూటర్ పని మీద కూర్చున్నా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "అన్నా, అందరూ క్లౌడ్ క్లౌడ్ అంటున్నరు, మనం కూడా మారాల్నా?"

ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అడిగేవాళ్లలో ఒకరికి క్లౌడ్ అంటే ఫోన్‌లో బిల్లు కొట్టే యాప్. ఇంకొకరికి మిల్లులో ఉన్న టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాద్‌లో ఉండి చూసుకోవడం. మరొకరికి గూగుల్ డ్రైవ్‌లో ఫైళ్లు దాచుకోవడం. ఈ మూడింటికీ ఖర్చు వేరు, లాభం వేరు, రిస్కు వేరు.

వీటన్నిటిలో ఉన్న అసలు సంగతి కిరాయి: ఇంకొకరి దగ్గరున్న కంప్యూటర్‌ను నెట్ మీదుగా వాడుకోవడం. వరికోత మిషన్‌ను తీసుకోండి. నాలుగెకరాల రైతు దాన్ని కొనడు. కోత వచ్చినప్పుడు గంటకింత అని మాట్లాడుకుంటాడు. రిపేరు, డ్రైవర్ జీతం, డీజిల్ అన్నీ మిషన్ ఓనరే చూసుకుంటాడు. ఏడాది పొడుగునా పని ఉండే రైతు ట్రాక్టర్ మాత్రం సొంతానికి కొనుక్కుంటాడు. కంప్యూటర్‌కైనా అదే లెక్క వర్తిస్తుంది, ఒక్క విషయంలో తప్ప. కోత మిషన్ వెళ్లిపోయాక వడ్లు మన కల్లంలోనే ఉంటాయి. క్లౌడ్‌లో మన వడ్లు కూడా వాళ్ల గోదాములోనే ఉంటాయి. కాబట్టి కిరాయి ఎంత అని అడిగే ముందు, గోదాము తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగాలి. ఇన్నేళ్లుగా నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ తాళం దగ్గరే జరిగాయి.

## ముందు ఈ ఐదు చూసుకోండి

ఎంతసేపు ఆగగలరు? నెట్ పోయినా, మిషన్ పాడైనా ఎంతసేపటికి మీకు నష్టం మొదలవుతుంది? ఆడిటర్ ఆఫీసులో ఒక పూట పని ఆగినా, జీఎస్టీ ఆఖరి తేదీ అయితే తప్ప, పెద్దగా ఏమీ కాదు. మిల్లు కాంటా దగ్గర అరగంట ఆగితే లారీలు రోడ్డు దాకా నిలబడతాయి, హమాలీలు ఖాళీగా కూర్చుంటారు. క్లౌడ్ కంపెనీలు "99.9 శాతం నడుస్తుంది" అని రాసిస్తాయి. ఆ లెక్కన నెలకు 43 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. అంతకు మించి ఆగితే బిల్లులో కొంత తగ్గిస్తారు, అంతే. నిలబడ్డ లారీల నష్టం మనదే.

నెట్, కరెంటు. మన టౌన్లలో ఫైబర్ వచ్చింది, స్పీడు కూడా బాగానే ఉంది. కానీ రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ బకెట్‌కు ఒక తీగ తగిలిందంటే సాయంత్రం దాకా లైన్ రాదు. అందుకే రెండో లైన్ ఉండాలి, అది వేరే కంపెనీది అయ్యుండాలి. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తున్నాయేమో బయటికెళ్లి కళ్లతో చూసుకోండి. కరెంటు పోతే కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటుంది, చాలా షాపుల్లో రౌటర్‌కు ఉండదు. కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొన్నాకే క్లౌడ్ మాట ఎత్తండి.

స్పీడు టెస్టులో డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా చూడండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే 2 జీబీ లెక్కల ఫైలు పైకి వెళ్లడానికి 27 నిమిషాలు చాలు. 40 జీబీ స్కానింగ్ ఫొటోలు వెళ్లాలంటే దాదాపు 9 గంటలు పడుతుంది.

సర్వర్ ఎక్కడో దూరాన ఉంటే నెమ్మదిస్తుందేమో అని కొందరి భయం. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) 2022 నవంబర్‌లోనే మొదలైంది. మైక్రోసాఫ్ట్ కూడా 2022 మార్చిలో హైదరాబాద్ రీజియన్ ప్రకటించి, ఒకప్పుడు మన మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ వైపు భూములు తీసుకుంది. ముంబైలో ఉన్నా సరే, లెక్కల పనికి ఆ దూరం తెలియదు. ఇబ్బంది వస్తే మీ షాపు నుంచి కూడలి దాకా ఉన్న తీగలోనే వస్తుంది.

ఎంతమంది, ఎన్ని చోట్ల? ఒకే గదిలో ఒకే మనిషి పని చేసుకునే చోట క్లౌడ్ వల్ల వచ్చే సౌకర్యం తక్కువ. మిల్లు ఒకచోట, ఆఫీసు ఒకచోట, ఆడిటర్ ఇంకోచోట ఉంటే చాలా ఎక్కువ.

ఐదేళ్ల ఖర్చు. నెల చందా ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ఐదేళ్లకు గుణించి చూడండి. లెక్క కోసం మనిషికి నెలకు 800 రూపాయలు అనుకుందాం. ఐదుగురికి ఏడాదికి 48,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 56,640. ఐదేళ్లకు 2,83,200. ఇటు సొంత సర్వర్, యూపీఎస్ కలిపి 1,50,000, ఏడాదికి నిర్వహణ 20,000, మధ్యలో ఒకసారి బ్యాటరీలకు 15,000 అనుకుంటే ఐదేళ్లకు 2,65,000. ఐదుగురి దగ్గర రెండూ దాదాపు సమానం. ఇద్దరే వాడితే క్లౌడ్‌కు 1,13,280 రూపాయలే అవుతుంది. పన్నెండు మంది వాడితే 6,79,680 అవుతుంది. ఇవి నేను అనుకున్న అంకెలు. మీకు వచ్చిన కొటేషన్లు ఇందులో వేసి చూడండి, ఎన్నో మనిషి దగ్గర తక్కెడ సొంత సర్వర్ వైపు మొగ్గుతుందో తేలుతుంది.

ఆ 18 శాతం జీఎస్టీ మామూలు వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. కాంపోజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే స్కీమ్‌లో, ఉన్నవాళ్లకు రాదు. మిల్లర్లకు ఇంకో చిక్కు ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పన్ను ఉంది, 26 కిలోల సంచికి లేదు. మీ అమ్మకాల్లో పన్ను లేని భాగం ఎంతో, ఆ మేరకు క్రెడిట్ వదులుకోవాలి. కాబట్టి మిల్లర్లు చందాను జీఎస్టీతో కలిపే లెక్క వేసుకోవడం మంచిది.

తాళం ఎవరి చేతిలో? క్లౌడ్ ఖాతా తెరిచిన మెయిల్ ఐడీ, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఎవరివో వాళ్లే దానికి అసలు యజమానులు. నల్లగొండలో ఒక బట్టల షాపులో సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడు తన సొంత మెయిల్‌తోనే ఖాతా తెరిచాడు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, సేటుకు మెయిల్ లేదంటే తనది కొట్టాడు. రెండేళ్లకు ఆ అబ్బాయి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోయాడు, నంబరు మార్చాడు. పాస్‌వర్డ్ అడిగిన రోజు షాపులో ఎవరి దగ్గరా లేదు. అతన్ని వెతికి పట్టుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ చేతిరాత బిల్లులే. ఆ రోజు నుంచి ఎవరికి ఏం పెట్టినా ముందు సేటు పేరున మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, ఆయన చేత బీరువాలో పెట్టించాకే మిగతా పని మొదలుపెడుతున్నాను.

## దారి 1: షాపులోనే కంప్యూటర్

మన దగ్గర ఇప్పటికీ ఎక్కువమంది దారి ఇదే. సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటారు, నెట్ లేకున్నా బిల్లు పడుతుంది, నొక్కగానే పని అవుతుంది. కాంటా ఉన్నచోట దీనికి ఇంకో బలం ఉంది. వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి తూకం సీరియల్ కేబుల్ గుండా పక్కనున్న కంప్యూటర్‌లోకి నేరుగా వస్తుంది. ఆ కంప్యూటర్ అక్కడే ఉండాలి, నెట్ మీద ఆధారపడకూడదు.

దీని బలహీనత ఏంటో నేను దగ్గర నుంచి చూశాను. మిర్యాలగూడ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు, యాసంగి వడ్లు జోరుగా దిగుతున్న రోజులు. బయట 44 డిగ్రీల ఎండ. ఆఫీసు గదిలో సీపీయూ మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద తవుడు దుమ్ము పిండిలాగా పేరుకుని ఉంది, వేలు పెడితే గుర్తు పడింది. హార్డ్ డిస్క్ టిక్ టిక్‌మని నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. బ్యాకప్ ఉందా అని అడిగితే గుమాస్తా డ్రాయర్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. పెట్టి చూస్తే ఆఖరి బ్యాకప్ 23 రోజుల కిందటిది.

ఆ 23 రోజుల్లో ఏ కొనుగోలు కేంద్రం నుంచి ఎన్ని లారీలు వచ్చాయి, ఎన్ని గన్నీ సంచులు దిగాయి, ఎంత బియ్యం పంపారు, అన్నీ పోయాయి. ప్రభుత్వ వడ్లు ఆడించి బియ్యం తిరిగి ఇచ్చే సీఎంఆర్ లెక్కలో క్వింటాల్ వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఒక్క లారీ ఎక్కించడం మరిచినా బాకీ మారిపోతుంది. ట్రక్ షీట్లు, కాంటా చీటీలు నేల మీద తేదీల వారీగా పరుచుకుని ఇద్దరు గుమాస్తాలు మూడు రాత్రులు కూర్చున్నారు. ఆ మూడు రోజులు సేటుకున్న టెన్షన్ చూసినవాణ్ని. కాగితాలు భద్రంగా ఉండబట్టి ఆ మిల్లు గట్టెక్కింది.

షాపులో కంప్యూటర్ వాడటం తప్పని నేననను. బ్యాకప్‌ను ఒక మనిషి జ్ఞాపకానికి వదిలేస్తే మాత్రం ఎప్పటికైనా ఇదే జరుగుతుంది. సీజన్‌లో ఆ మనిషికి అన్నం తినడానికే తీరిక ఉండదు, పెన్‌డ్రైవ్ ఎక్కడ గుర్తుంటుంది?

## దారి 2: సొంత సర్వర్

ఆఫీసులో ఒక పెద్ద మిషన్ పెట్టి, ఆరేడు కంప్యూటర్లు దానికి కలపడం. వాడేవాళ్లు ఎక్కువై, పని ఏడాదంతా ఒకే తీరుగా నడిచే చోట ఇది చవక పడుతుంది. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. క్లౌడ్ చందా అయితే ఏ ఏడాది కట్టింది ఆ ఏడాది ఖర్చులోనే పోతుంది.

పెద్ద కంపెనీల్లో కూడా క్లౌడ్ వదిలి సొంత సర్వర్లకు వచ్చినవాళ్లున్నారు. అమెరికాలో 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2022లో క్లౌడ్‌కు 32 లక్షల డాలర్లు కట్టింది, తర్వాత సొంత సర్వర్లు కొనుక్కుని బయటికి వచ్చింది. అయితే వాళ్ల దగ్గర సర్వర్లు చూసుకునే మనుషులు ముందు నుంచే ఉన్నారు. మన దగ్గర కరువు ఆ మనుషులకే. ఏసీ గది, బ్యాటరీలు, దుమ్ము దులపడం, సెక్యూరిటీ అప్‌డేట్లు, ఇవన్నీ చూసే నమ్మకమైన మనిషి మీ టౌన్‌లో లేకుంటే ఈ దారి పట్టకండి.

## దారి 3: నెల చందా సాఫ్ట్‌వేర్

బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి వాడుకునేవి ఇవి. మిషన్, బ్యాకప్, కొత్త వెర్షన్, జీఎస్టీ మార్పులు అన్నీ కంపెనీ చూసుకుంటుంది. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయ్యే గీత 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్‌కు దిగినప్పుడు చందా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు తేలిగ్గా మారిపోయారు. పాత వెర్షన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆ వారం నా ఫోన్ మోగిస్తూనే ఉన్నారు. 50,000 రూపాయలు దాటిన సరుకు మీద ఈ-వే బిల్లు తీయడం కూడా వీటిలో బిల్లుతో పాటే అయిపోతుంది.

నష్టాలు కూడా చెప్పాలి. కంపెనీ రేటు పెంచితే కట్టాల్సిందే. మన అలవాటుకు తగ్గట్టు మార్పులు చేయమంటే కుదరదు. మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటుకు తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ఒక పద్ధతిలో కావాలి, హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు విడివిడిగా కనపడాలి. దేశమంతటికీ ఒకే అచ్చులో చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఆ గడులు ఉండవు. డబ్బు కట్టే ముందు మీ పాత బిల్లుల్లో అన్నిటికంటే చిక్కుగా ఉన్న పది తీసుకుని, ట్రయల్‌లో ఎక్కించి చూడండి. పదిలో మూడు పట్టకపోతే అది మీకు పనికిరాదు.

## దారి 4: కిరాయి సర్వర్

ఇక్కడ సాఫ్ట్‌వేర్ మీదే, మిషన్ వాళ్లది. మీకు అలవాటైన లెక్కల సాఫ్ట్‌వేర్‌నే డేటా సెంటర్‌లో ఉన్న మిషన్ మీద పెట్టి, ఇక్కడ తెర మీద చూసుకుంటారు. గుమాస్తా కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు. మిల్లు, ఆఫీసు, ఆడిటర్ ముగ్గురూ ఒకే లెక్కను ఒకేసారి చూస్తారు. వాడకం పెరిగితే మిషన్ సైజు ఒక పూటలో పెంచుకోవచ్చు, సీజన్ అయ్యాక తగ్గించుకోవచ్చు. ఆ తగ్గించడమే చాలామంది మరిచిపోయి ఏడాదంతా సీజన్ బిల్లు కడుతుంటారు.

ఈ దారిలో పెద్ద అపోహ ఒకటి ఉంది: క్లౌడ్‌లో పెట్టాం కాబట్టి బ్యాకప్ దానంతటదే ఉంటుందని. ఉండదు. మిషన్ నడిపే బాధ్యత వాళ్లది, అందులో మనం పెట్టిన ఫైళ్ల బాధ్యత మనది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. వేరేచోట బ్యాకప్ పెట్టుకోని కస్టమర్ల డేటా తిరిగి రాలేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియా డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో అగ్గి అంటుకున్నప్పుడు ఉద్యోగులు వాడే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. దానికి బయట బ్యాకప్ లేదు. ఒక దేశ ప్రభుత్వానికే ఆ గతి పట్టిందంటే మన మిల్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

పేరున్న కంపెనీ మిషన్‌ను నేరుగా తీసుకోవడం ఒకటి, మధ్యలో ఎవరో తీసుకుని మనకు పంచి ఇవ్వడం ఇంకొకటి. మధ్యవాళ్ల రేటు తక్కువగా ఉంటుంది. వాళ్లు పైకి బిల్లు కట్టకపోతే మన మిషన్ కూడా ఆగుతుంది, ఇది గుర్తుంచుకోండి.

## దారి 5: పని ఇక్కడ, కాపీ అక్కడ

రోజూ పని షాపులోని కంప్యూటర్‌లోనే నడుస్తుంది. రాత్రి షాపు మూసే వేళకు ఆ రోజు డేటా మనిషి చేయి పడకుండా దానంతటదే క్లౌడ్‌కు వెళ్తుంది. మన జిల్లాల్లో ఎక్కువమందికి నేను మొదట చెప్పేది ఇదే. ఖర్చు తక్కువ, అలవాటు మారదు, నెట్ పోయినా పగటి పని ఆగదు. 23 రోజుల నష్టం ఒక్కరోజుకు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. ఫోల్డర్‌ను డ్రైవ్‌తో సింక్ పెట్టి అదే బ్యాకప్ అనుకోకండి. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే, ఆ తాళం పడ్డ ఫైళ్లే పైకి వెళ్లి మంచివాటి మీద కూర్చుంటాయి. తేదీల వారీగా పాత కాపీలు కనీసం 30 రోజులు నిలిచేలా పెట్టించండి. వాటితో పాటు వారానికోసారి ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసి ఇంట్లో పెట్టుకోండి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఉంచవద్దు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట అని పాతకాలం నుంచి చెప్పే పద్ధతి ఇదే. మూడు నెలలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి నిన్నటి బిల్లు కనపడుతుందో లేదో చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మవద్దు.

## ఐదు దారులు పక్కపక్కన

| | షాపు కంప్యూటర్ | సొంత సర్వర్ | చందా సాఫ్ట్‌వేర్ | కిరాయి సర్వర్ | ఇక్కడ పని, అక్కడ కాపీ |
|---|---|---|---|---|---|
| మొదట్లో ఖర్చు | కొద్దిగా | ఎక్కువ | దాదాపు లేదు | తక్కువ | కొద్దిగా |
| నెలనెలా ఖర్చు | లేదు | నిర్వహణ | మనిషికింత | వాడకాన్ని బట్టి | తక్కువ |
| నెట్ పోతే | పని నడుస్తుంది | ఆఫీసులో నడుస్తుంది | చాలావరకు ఆగుతుంది | ఆగుతుంది | నడుస్తుంది |
| మిషన్ పాడైతే | బ్యాకప్ ఉంటేనే | బ్యాకప్ ఉంటేనే | కంపెనీయే చూసుకుంటుంది | బ్యాకప్ పెట్టించుకుంటేనే | ఒకరోజు పని పోవచ్చు |
| బయటి నుంచి చూడటం | కష్టం | అదనపు ఏర్పాటుతో | సులువు | సులువు | కష్టం |
| సాంకేతిక మనిషి | అప్పుడప్పుడు | తప్పనిసరి | అక్కర్లేదు | కావాలి | మొదట్లో ఒకసారి |

## ఎవరికి ఏది

కిరాణా, బట్టలు, ఎరువులు, విత్తనాల షాపులు. ఒకరిద్దరే బిల్లు కొట్టేచోట చందా సాఫ్ట్‌వేర్ తీసుకోండి. నెట్ లేనప్పుడు కూడా బిల్లు తీసి, లైన్ వచ్చాక తనంతట తానే కలుపుకునేది అయితేనే తీసుకోండి. ఎరువుల షాపులో ప్రాణం ఉద్దెర ఖాతాలో ఉంటుంది. జూన్‌లో ఇచ్చిన సరుకు డబ్బు పంట అమ్మాక గానీ రాదు. ఆ ఖాతా పోతే ఏ రైతు ఎంతివ్వాలో మాట మీద తేల్చుకోవాలి, దాంతో పాటు స్నేహాలు కూడా పోతాయి. అందుకే ప్రతి నెలాఖరున ఉద్దెర జాబితా ఒకటి ప్రింటు తీసి పెట్టుకోమని చెప్తాను, క్లౌడ్‌లో ఉన్నా సరే.

రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు. ఐదో దారి. కాంటా, గేటు పాసు ఎప్పుడూ ఇక్కడి కంప్యూటర్‌లోనే ఉండాలి. పార్ట్‌నర్లు వేర్వేరు ఊళ్లలో ఉండి లెక్కలు రోజూ చూడాలంటే, అకౌంట్లు మాత్రం కిరాయి సర్వర్‌కు మార్చండి. మొత్తం మిల్లును ఒకేసారి క్లౌడ్‌కు ఎక్కించమని ఎవరైనా చెప్తే, నెట్ లేని గంటలో లారీ ఎలా బయటికి వెళ్తుందో ముందు చేసి చూపించమనండి.

ట్రాన్స్‌పోర్ట్, పంపిణీ ఏజెన్సీలు. జాతీయ రహదారి 65 మీద సూర్యాపేటలో ఒక ఆఫీసు, చిట్యాలలో గోదాము, హైదరాబాద్‌లో బుకింగ్ ఉన్నవాళ్లకు ఆలోచించే పనే లేదు. క్లౌడే. స్టాకు ఎక్కడెంత ఉందో ఫోన్‌లో అడిగి కాగితం మీద రాసుకునే రోజుల్లో పోయే సరుకు విలువ ముందు చందా చాలా చిన్నది.

ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు. ఇక్కడ నేను నెమ్మదిగా వెళ్లమంటాను. రిజిస్ట్రేషన్, బిల్లింగ్, రిపోర్టులు క్లౌడ్‌లో బాగానే నడుస్తాయి. 500 ఎంబీ సీటీ స్కాన్ ఒకటి 10 ఎంబీపీఎస్ లైన్ మీద పైకి వెళ్లడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. రోజుకు ముప్పై స్కాన్లు తీసేచోట అది భారమే. బొమ్మలు ముందు లోపలి స్టోరేజ్‌లో పెట్టి, రాత్రి పూట పైకి పంపండి. రోగి వివరాలు బయటికి పొక్కితే అది పరువుతో ఆగదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రత సరిగా చూడనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. రిసెప్షన్‌లో నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడే అలవాటు ఈ రోజే మాన్పించండి.

చేనేత అమ్మకాలు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సొంత సర్వర్ ఆలోచన పెట్టుకోవద్దు. దసరా ముందు, పెళ్లిళ్ల నెలల్లో ఒక్కసారిగా జనం వస్తారు, మిగతా రోజుల్లో పలచగా ఉంటుంది. ఇది అచ్చంగా కోత మిషన్ పని, కిరాయే మేలు. చీరల ఫొటోల అసలు ఫైళ్లు మాత్రం మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి, మళ్లీ తీయాలంటే అమ్మిన చీర దొరకదు.

## రికార్డులు ఎన్నాళ్లుండాలి

జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ ఆఖరి తేదీ నుంచి 72 నెలలు దాచాలి. 2024-25 లెక్కల వార్షిక రిటర్న్ గడువు 2025 డిసెంబర్ 31 కాబట్టి, అవి 2031 డిసెంబర్ దాకా చేతిలో ఉండాలి. మూడో ఏడు చందా మానేస్తే ఆ తర్వాత నోటీసు వచ్చిన రోజు లెక్క ఎక్కడి నుంచి తెస్తారు? ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకున్నవాళ్లకు ఇంకా రెండు నియమాలు ఉన్నాయి. లెక్కల బ్యాకప్ రోజూ తీసి భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ఉంచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎంట్రీ ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలి. సొంత షాపు, భాగస్వామ్య సంస్థలకు ఈ రెండూ తప్పనిసరి కాదు, కానీ గుమాస్తా మారినప్పుడల్లా ఆ నమోదు ఎంత అక్కరకొస్తుందో నేను చూశాను.

## డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

అమ్మడానికి వచ్చినవాళ్లను నేను అడిగేవి ఇవి. ఖాతా మా మెయిల్, మా నంబరు మీదే తెరుస్తారా? మొత్తం డేటా, అంటే పార్టీల ఖాతాలు, స్టాకు, ప్రతి బిల్లు, ఎక్సెల్‌లోకి మేమే దించుకోగలమా? దించి చూపించండి. చందా ఆగిపోతే డేటా ఎన్ని రోజులు ఉంచుతారు? పొరపాటున తుడిచేస్తే ఎన్ని రోజుల వెనక్కి వెళ్లగలరు? వచ్చే ఏడాది రేటు ఎంతో కాగితం మీద రాసిస్తారా? సీజన్‌లో రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తుతాడా?

ఎక్సెల్ ప్రశ్న దగ్గర నీళ్లు నమిలేవాళ్లతో ఒప్పందం చేసుకోవద్దు, రేటు ఎంత తక్కువైనా సరే.

## ఎప్పుడు మారాలి

లెక్కలకు ఏప్రిల్ 1 శుభ్రమైన తేదీ, ఓపెనింగ్ బ్యాలెన్సులు తేలిగ్గా ఎక్కుతాయి. కానీ మిల్లులకు అదే యాసంగి వడ్లు దిగే కాలం. కాబట్టి గుమాస్తాలకు నేర్పడం, పార్టీల పేర్లు, స్టాకు ఎక్కించడం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. అది కుదరకపోతే ఆగస్టు, సెప్టెంబర్ చూసుకోండి. ఎరువుల షాపులు వానాకాలం రాకముందే, మార్చి నాటికి ముగించాలి. బట్టల షాపులు దసరా దాటాక పెళ్లిళ్ల తాకిడి లేని వారాలు చూసుకోవాలి. స్కూళ్లు అడ్మిషన్ల జూన్‌లో చేయి పెట్టకూడదు.

మారిన మొదటి నెల పాతదీ కొత్తదీ రెండూ నడపండి. గుమాస్తాకు పని రెట్టింపు అవుతుంది, ఆ నెలకు అతని చేతిలో అదనంగా ఏదైనా పెట్టండి. నెలాఖరున రెండింట్లోనూ క్యాష్, స్టాకు, ఉద్దెర మూడూ రూపాయితో సహా సరిపోయిన రోజు పాత మిషన్ ఆపండి. అందులోని హార్డ్ డిస్క్ విప్పి, మీద తేదీ రాసి, బీరువాలో ఆ పాస్‌వర్డ్ కాగితం పక్కన పెట్టండి.